వెన్ను మీద పద్నాలుగు మిల్లీమీటర్లు

“ఇది నా ఎద్దు కాదు!”

కబేళాలో ఒలిచి కొక్కేనికి వేలాడదీసిన మాంసాన్ని చూసి సెకోందో గయ్యిమన్నాడు. గ్రేడు వేసే ఎట్టోరే తొణక్కుండా కొలబద్దను వెన్నుమీది కొవ్వుకు ఆనించాడు.

“పద్నాలుగు మిల్లీమీటర్లు. మన పియెమోంతే జాతి పశువులకు కొవ్వు నాలుగైదు దాటదు. తొడల్లో కండా అంతంతమాత్రమే. ఎవరి చెవిలో పువ్వు పెడదామనయ్యా?”

“నువ్వే మార్చేశావు! తోలు ఒలిచాక ఏది ఎవరిదో నీకు తప్ప ఎవడికి తెలుసు?”

“నోరు జారకు. ముక్క తీసి పరీక్షకు పంపుతున్నా. సంకరమని తేలితే నీ మంద పేరు మేలుజాతి మందల పుస్తకంలోంచి కొట్టేస్తారు.”

సెకోందో తాత కాలం నుంచి ఆ పుస్తకంలో ఉన్న మంద అది. ఆ పేరు పోతే ఊళ్లో తలెత్తుకోలేడు.

ఫలితం కోసం ఆగిన పదిరోజులూ సెకోందోకు అందరి మీదా అనుమానమే. తోలు ఒలిచినవాడు, లారీ నడిపినవాడు, చివరికి ఆవుకు సూది వేసి చూలు కట్టించిన డాక్టరు కూడా. చర్చి గంట కొట్టే ముసలాయన ఒక్కడే మిగిలాడు. కంచంలో పోలెంతా సంకటి చల్లారిపోతున్నా తిట్లు ఆగేవి కావు. భార్య పియెరీనా మాత్రం తలెత్తకుండా గిన్నెలు సర్దుకునేది.

ఫలితం వచ్చింది. తల్లి సెకోందో ఆవే. తండ్రి ఏదో కొండజాతి ఆబోతు.

“ఒరెస్తేగాడు!” సెకోందో కర్ర అందుకున్నాడు. పక్క దొడ్డి ఒరెస్తేకు బూడిదరంగు కొండ ఆబోతు ఉంది. “కంచె దాటించి నా ఆవు మీదికి తోలాడు. వాడికి మొదట్నుంచీ నా మందంటే కడుపుమంట!”

పియెరీనా గుమ్మానికి అడ్డం నిలబడింది.

“తప్పుకోవే!”

“ఆ ఎద్దు దూడగా పుట్టిన రోజు గుర్తుందా? తాళ్లు కట్టి లాగే పని లేకుండా దానంతటదే జారిపడిందని ఊరంతా చెప్పుకున్నావు.”

“అయితే ఏంటి?”

“అంతకు ముందేడు నీ మేలుజాతి దూడ కండలు అడ్డంపడి, ఈనలేక, మన పెద్దావు నా ఒళ్లో తలపెట్టి చచ్చిపోయింది. నువ్వు దూడ పోయిందని ఏడ్చావు.”

“దానికీ ఒరెస్తేకీ సంబంధమేంటే?”

పియెరీనా అతని చేతిలోంచి కర్ర లాక్కుంది.

“డాక్టరు సూది వేయడానికి ముందురోజే ఆవును ఆ ఆబోతు దగ్గరికి తోలుకెళ్లింది నేనే.”