గంగవ్వ ఒప్పుకోని పడవ

ధర్మపురి రేవులో ఆ పడవను దొర షికారు కోసం చేయించుకున్నాడు. పోలీసు చర్య తర్వాత పట్నం పోతూ కల్లు గుత్తేదారుకు అమ్మాడు. ఆయన మందమర్రి బొగ్గు కాంట్రాక్టరుకు అమ్మాడు. కొన్నవాడల్లా దానిమీద భార్య పేరు రాయించాడు. బొగ్గాయనకు ఇద్దరు భార్యలు, ఆ తగువు వేరే కథ.

పేరు ఎవరిదైనా నడిపేది హనుమండ్లే. జనాన్ని దాటిస్తే చుక్క నీరు కారదు. గోదారి గంగవ్వకు మేకను కోసి యజమాని ఎక్కాడో, నడిమధ్యలో పడవలో మోకాలిలోతు నీళ్లు.

“గంగవ్వ మిమ్ముల ఒప్పుకుంటలేదు పటేలా,” అనేవాడు హనుమండ్లు నీళ్లు తోడుతూ.

చివరికి బొగ్గాయన విసిగిపోయాడు. “నువ్వే ఉంచుకోరా, నాకీ పీడొద్దు,” అని వదిలేశాడు.

హనుమండ్లుకు దిగులు పట్టుకుంది. యజమానిగా తననూ గంగవ్వ కాదంటే బతుకుదెరువే పోతుంది. మేకకు తాహతు లేక కోడిని కోసి, దండం పెట్టి తెడ్డు వేశాడు. అవతలి ఒడ్డుకు పోయి వచ్చినా పడవ పొడిగానే ఉంది.

“తల్లి నన్ను ఒప్పుకున్నది,” అని ఇసుకలో సాగిలపడ్డాడు.

పడవ కోసం రేవులో నిలబడ్డ నా పక్కనే అతని భార్య యాదవ్వ ఉంది.

“ఆయనకు జెప్పకు అన్నా,” అంది మెల్లగా. “యజమాని ఎక్కే రోజు పలకల సందుల్ల నీళ్లు రాకుండ కుక్కిన పత్తి పీకేది నేనే. గీసారి పీకలే.”