గ్రాముల యాత్ర

"నా కత్తెరతో ప్లాస్టిక్కు కోశారా?"

టైలరమ్మ అరుపుకు హాలు దద్దరిల్లింది. గుడ్డ తప్ప మరొకటి ఎరుగని కత్తెర అది. దాంతో మొగుడు ప్రయాణపు సంచి పట్టీలు కత్తిరించాడు.

"అరవకు. పదకొండు గ్రాములు తగ్గింది," అన్నాడతను, కోసిన ముక్కల్ని వంటింటి కాటా మీద పోసి కళ్లు చికిలించి చూస్తూ.

అతను తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. రేపు తెల్లవారగానే బయల్దేరి, పదిహేను రోజుల సెలవులో సముద్రం దాకా సైకిలు తొక్కుకుంటూ వెళ్లి రావాలని పంతం పట్టాడు. అదీ మామూలు సైకిలు కాదు. పడక్కుర్చీలో వాలినట్టు వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాపి తొక్కేది. దూరాలు వెళ్లినా నడుం నొప్పి రాదట. కాకపోతే సామాను తేలిగ్గా ఉండాలట, ప్రతి గ్రామూ శత్రువేనట. ఆ శత్రుసంహారంలో చొక్కాల కాలరు చీటీలు పోయాయి, టూత్‌బ్రష్ కాడ పోయింది, సబ్బు సగమైంది. పొట్ట జోలికి మాత్రం ఆయన వెళ్లలేదు.

"పోనీ ఒక మాట వినండి," అందామె కత్తెర తుడుచుకుంటూ. "వెళ్లేటప్పుడు మీరు తొక్కండి. నేను బస్సులో వస్తాను. వచ్చేటప్పుడు నేను తొక్కుతాను. నేనూ ఒక్కసారి సముద్రం చూసినట్టుంటుంది."

అతను పగలబడి నవ్వాడు.

"ఇదేమన్నా కుట్టు మిషనా, కాళ్లాడిస్తే నడవడానికి? దీనికో శాస్త్రం ఉంది. నీ కాళ్లకీ నా కాళ్లకీ జానెడు తేడా. ఒకరికి బిగించింది ఇంకొకరికి పనికిరాదు. నువ్వు ఇల్లు చూసుకో, మొక్కలకి నీళ్లు పొయ్యి."

ఆమెకు కడుపు మండింది. ఏళ్ల తరబడి ఊళ్లోవాళ్ల ప్రయాణాలకు బట్టలు కుట్టి ఇవ్వడమే తప్ప, తను ఈ ఊరి పొలిమేర దాటింది లేదు. అయినా కత్తెరను పెట్టెలో పెట్టేసింది. ఈయనతో వాదించి గెలిచినవాళ్లు కిరాణా కొట్లలో కూడా లేరు.

"ఇలా రా, ఇంకో పనుంది," అని పిలిచాడతను.

సైకిలుకు పెడళ్లు ముందున్న ఒక పొడుగాటి గొట్టం చివర ఉంటాయి. ఆ గొట్టం ఫ్రేములోకి దూరి ఉంటుంది. కాళ్ల పొడుగును బట్టి దాన్ని లోపలికి నెట్టో, బయటికి లాగో బిగించుకోవాలి. లోపల దాగున్న గొట్టమంతా దండగ బరువని ఇన్‌స్పెక్టరుకు పొద్దున్నే జ్ఞానోదయమైంది.

సీటులో వెనక్కి వాలి, మడమ పెడలు మీద పెట్టి, కాలు నిటారుగా చాపాడు. అలా వాలితే తన పొట్టా మోకాళ్లూ తప్ప ఇంకేమీ కనబడవు.

"గొట్టం ఫ్రేములోకి ఎక్కడ దూరుతోందో సరిగ్గా అక్కడ గీత పెట్టు. నీ సుద్దముక్క ఉందిగా. వెంట్రుకవాసి కూడా తేడా రాకూడదు!"

"పెట్టాను."

అతను లేచి గొట్టం బయటికి లాగాడు. పట్టు కోసం గీత వెనక నాలుగు వేళ్ల వెడల్పు వదిలి, మిగతాదంతా రంపంతో కోసి పారేశాడు. ముక్కని కాటా మీద పెట్టి ఎగిరి గంతేశాడు.

"రెండొందల ఎనభై! నేననుకున్నదానికి రెట్టింపు!"

ఎందుకు రెట్టింపయిందని ఆలోచించడానికి తీరికేది? గొట్టాన్ని గీత దాకా దూర్చి బిగించాడు, దానికి తగ్గట్టు గొలుసు కూడా తెగ్గోసి అతికించాడు. ఇంకో అరవై గ్రాములు. ఇక విజయగర్వంతో సీటులో వాలి పెడళ్ల మీద కాళ్లు పెట్టాడు.

మోకాళ్లొచ్చి గడ్డానికి కొట్టుకున్నాయి.

గొట్టాన్ని బయటికి లాగబోతే మొత్తం ఊడి చేతికొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు సైకిలు మెకానిక్కుకు ఫోన్ చేశాడు.

"గొట్టం కోశారా? ఎవరు కొయ్యమన్నారు సార్?" మెకానిక్కు నవ్వు హాలంతా వినిపించింది. "కొత్తది తెప్పించాలంటే ఆరు వారాలు. అతుకు పెడితే నడిరోడ్డు మీద విరుగుద్ది."

ఆరు వారాల తర్వాత సెలవు ఉండదు. ఇన్‌స్పెక్టరు ఫోన్ పెట్టేసి, ఊడిన గొట్టాన్ని కింద పడేశాడు. భార్య గొట్టాన్ని మళ్లీ గీత దాకా దూర్చి బిగించింది. నెమ్మదిగా సీటులో వాలి, పెడలు మీద కాలు పెట్టింది. కాలు నిటారుగా, కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

"ఇంత సరంజామా వృథా పోవడం ఎందుకు? రేపు పొద్దున నేను వెళ్లొస్తాను," అంది. "మొక్కలకి నీళ్లు మర్చిపోకండి."

అతని కోపం నషాళానికంటింది.

"నీ చేతకానితనం వల్లే ఇదంతా! ఇరవై ఏళ్లుగా జనానికి కొలతలు తీస్తున్నావు, ఒక్క గీత సరిగ్గా పెట్టలేకపోయావా?"

"సరిగ్గానే పెట్టానండీ," అందామె, బ్రేకు నొక్కి చూసుకుంటూ. "వారం రోజులుగా మీరు ఆఫీసుకెళ్లగానే ఆ గొట్టాన్ని ఎక్కడిదాకా లోపలికి నెట్టుకుని ఊరంతా తిరిగొస్తున్నానో, అక్కడే పెట్టాను."