యంత్రం చదవని వరుస

"ఎవరు చెరిపారు?"

ప్రొఫెసర్ బు హర్యాతి, అంటే హర్యాతి అమ్మగారు, గొంతు పెంచలేదు. ఆవిడ గొంతు పెంచనప్పుడే అందరికీ భయం.

 మెరాపి అగ్నిపర్వతం వాలులో పదకొండు చోట్ల పడిన వాన లెక్కలు, మూడు నెలలవి, ల్యాబు సర్వర్లోంచి తుడిచిపెట్టుకుపోయాయి. నకలు దాచే డిస్కు పోయిన నెలలోనే పాడైంది. కొత్తది ఇంకా రాలేదు.

ఎవరు చెరిపారో పరిశోధక విద్యార్థిని కినాంతికి తెలుసు. పొద్దున కబురు వినగానే, నిన్న తన ఖాతాలోంచి వెళ్లిన కమాండ్లన్నీ తీసి చూసుకుంది. పన్నెండూ నలభైకి ఉంది చెరిపిన కమాండు. ఆ వేళకి ఆమె ల్యాబు అటెండరు, పెద్దాయన కాబట్టి అందరూ పాక్ అని పిలిచే జుమాదిని పక్కన కూర్చోబెట్టుకుని కంప్యూటరుకి వరుసగా ఆదేశాలిచ్చే షెల్ స్క్రిప్టులు నేర్పుతోంది. "చెరిపే ముందు ఎక్కడున్నామో చూసుకోవాలి పాక్, అదే మొదటి పాఠం" అంటూనే, పక్కపక్కనే తెరిచిన రెండు విండోల్లో తన ల్యాప్‌టాప్ దాంట్లో కొట్టాల్సింది సర్వర్ దాంట్లో కొట్టింది. చెప్పేవి శ్రీరంగనీతులంటారే, అదీ సంగతి.

చెప్పేయాలి. కానీ ఆమె ఉపకారవేతనం పొడిగింపు కాగితం బు హర్యాతి బల్ల మీదే ఉంది, సంతకం కోసం. అది కాకపోతే చదువు ఇక్కడితో సరి. కినాంతి తల వంచుకుని చెప్పుల వంక చూస్తూ నిలబడింది.

"నా వల్లేనేమో, బు."

అందరూ వెనక్కి తిరిగారు. తలుపు దగ్గర పాక్ జుమాది, చేతిలో తాళాల గుత్తి.

"మీరేం చేశారు?"

"చెత్త ఫైళ్లు ఊడ్చేద్దామని సొంతంగా ఒక స్క్రిప్టు రాశానండి. అదే దారి తప్పినట్టుంది."

ఎవరో కిసుక్కుమన్నారు. "చీపురు అలవాటు ఎక్కడికి పోతుంది" అని ఇంకెవరో గొణిగారు.

"యాభై దాటాక ఈ విద్యలు ఎందుకండీ మీకు?" అంది బు హర్యాతి. "తలుపులు తీసి, టీ పెట్టి ఊరుకోలేకపోయారా? ఈ నెలాఖరుకి మీ కాంట్రాక్టు అయిపోతోంది కదూ. ఈసారి పొడిగించమని నేను రాయలేను."

"సరేనండి" అని ఆయన వెళ్లిపోయాడు.

ఇప్పుడైనా చెప్పు, అంది కినాంతి తనతో తను. చెప్పకుండానే తలుపు వైపు నడిచింది.

మిగతావాళ్లు కూడా వెళ్లాక బు హర్యాతి ఆమెను ఆపింది. "నేర్పింది నువ్వే కాబట్టి ఆ స్క్రిప్టు నువ్వే చూడు. తప్పెక్కడుందో మధ్యాహ్నానికి రాసివ్వు. ఆ కాగితంతో పాటే నీ కాగితం మీదా సంతకం పెట్టేస్తాను."

"అలాగేనండీ" అంది కినాంతి.

నడవలో పాక్ జుమాది ఎదురొచ్చాడు. చేతిలో గ్లాసుడు తియ్యటి టీ, ప్లేట్లో రెండు సోయా గింజల టెంపే వేపుళ్లు.

"తినండి గురువుగారూ. మొహం వాడిపోయింది."

"అలా పిలవొద్దని ఎన్నిసార్లు చెప్పాను పాక్?"

"అక్షరం ముక్క చెప్పినవాళ్లు గురువు కాకపోతే ఎవరు? మా అమ్మాయి వయసైతే మాత్రం ఏం?"

"పని పోతే ఎలా మరి?"

"మా తమ్ముడికి మాంసపుండల సూపు అమ్మే బక్సో బండి ఉంది లెండి. గిన్నెలు కడగడానికి ఏ స్క్రిప్టూ రాయక్కర్లేదు." ఆయన నవ్వాడు. "మీరు మనసు పాడుచేసుకోకండి. శిష్యుడు తప్పు చేస్తే గురువేం చేస్తారు?"

ఆమె టెంపే ముక్క తీసుకుని తినకుండానే ప్లేట్లో పెట్టేసింది. నేనే పాక్, నేనే చెరిపాను అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. సంతకం అయ్యాక చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఆమె తన బల్ల దగ్గరికి నడిచింది. ఆయన స్క్రిప్టులో నిజంగానే ఏదో ఒక తప్పు కనబడితే బాగుండునని దేవుడికి మొక్కుకుంది. అలా మొక్కుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

సర్వర్లో ఆయన ఖాతా తెరిచింది. ఒక్కటే స్క్రిప్టు ఉంది. పక్కన తేదీ, సమయం. ఈవేళ, ఉదయం ఏడూ యాభై.

లెక్కలు చెరిగిపోయింది నిన్న మధ్యాహ్నం.

ఆమె ఆ తేదీ మళ్లీ చూసింది. ఆ ఫైలుకి నడిచే అనుమతి కూడా ఇవ్వలేదాయన, అంటే అది ఒక్కసారీ నడవనే లేదు. తెరిచి చూస్తే లోపల ఒక్క కమాండు లేదు. పైనుంచి కిందిదాకా హ్యాష్ (#) గుర్తుతో మొదలయ్యే వరుసలే. అవి పెట్టడం నేర్పింది తనే. "ఏ ఫైలు రాసినా ఎందుకు రాశారో పైన హ్యాష్ పెట్టి చెప్పాలి పాక్. ఆ వరుసల్ని యంత్రం చదవదు. అవి తర్వాత తెరిచే మనిషి కోసం." ఆయన ఆ మాట ఎంత శ్రద్ధగా పట్టుకున్నాడంటే, "స్క్రిప్టు రాయమంటే ఉత్తరాలు రాస్తున్నారేంటి" అని ఆమె ఎన్నోసార్లు ఆటపట్టించింది.

ఈ ఉత్తరం మూడే వరుసలు.

# ఇది ఎందుకు రాశానంటే, నా పేరు మీద ఒక ఫైలు ఉండాలి కనుక.

# నిన్న గురువుగారు కొట్టింది సర్వర్ విండోలో. నేను చూశాను. చదువుకున్నవాళ్లకి తెలియదా అని నోరు మూసుకు కూర్చున్నాను. కనుక తప్పు నాదే.

# పాపం, ఆవిడకి ఈ సంగతి తెలియదు. తెలిస్తే నా మీద నింద పడుతుంటే ఒక్క క్షణం ఊరుకునే మనిషి కాదు.