కథ అడిగిన స్నానం

“ఆ స్నానం సీను తెర మీద పడిందా, నా రాజీనామా ప్రెసిడెంటు బల్ల మీద పడ్తది!”

కిరండూల్ ఇనుప గనుల కాలనీ క్లబ్బు సెక్రటరీ సీతారాములు కేకకు హాల్లో కుర్చీలు సర్దేవాళ్లు చేతులాపేశారు. ఆపరేటర్ కేసా మాత్రం రీలు ఎక్కిస్తూ నవ్వాడు.

“కథకు అవసరం సాబ్. ఆ పిల్ల వీపు చూసే గదా హీరో మనసు పారేసుకునేది. అది బంద్ చేస్తే పెండ్లెందుకైందో జనానికి సమజ్ కాదు.”

“కథ విప్పమంటే బట్టలు విప్పుడేంది? దర్శకుడన్నది డైరెక్షన్ చెయ్యనీకి, దర్శనాలు చేయించనీకి కాదు! ఆ సీను రాంగనే లెన్సుకు చెయ్యి అడ్డం పెట్టు.”

పక్కనే ఉన్న దుర్గమ్మ మొగుడి వంక అనుమానంగా చూసింది. గనిలో కొండ పేలినా ఉలకని మనిషి, ఒక ఆడదాని స్నానానికి ఇంతగా పేలుతున్నాడెందుకు?

“డబ్బా నిన్ననే రైలు దిగె. ఇందులో స్నానముందని నీకెట్ల తెల్సు?”

సీతారాములు భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. “నాలుగేండ్ల కింద ఈ సిన్మా షూటింగుకు... లైట్లు మోయనీకి పోయిన గదా.”

“పది దినాలు జలపాతం కాడ! లైట్లు మోసినవా, ఆమెను కండ్లల్ల మోసినవా?”

“ఆమె దిక్కు చూస్తే ఒట్టు!”

“మరి భయమెందుకు? కేసన్నా, చెయ్యి అడ్డం పెట్టినవో ఊకోను. ఈ సీను కథకు అవసరమో కాదో గాని, నా కాపురానికి అవసరం.”

మ్యాటినీ మొదలైంది. దుర్గమ్మ మొగుడి మణికట్టు వదలలేదు. పది రోజులు ఆ జలపాతం దగ్గర ఏం జరిగిందో ఇవాళ తేలిపోవాలి. మూడో రీలులో హీరోయిన్ నవ్వుతూ నీళ్ల వైపు నడిచింది. సీతారాములు లేవబోయాడు. దుర్గమ్మ లాగి కూలేసింది.

చీర రాతి మీద పడింది. నీటి తెర వెనక పొడుగాటి జుట్టు పక్కకు తొలగి, కుడి భుజం కింద పుట్టుమచ్చతో నున్నటి వీపొకటి తళుక్కుమంది. హాలంతా ఈలలు. సీతారాములు తువ్వాలు ముఖాన కప్పుకున్నాడు.

దుర్గమ్మ కళ్లార్పకుండా చూసింది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోసాగింది.

ముందు వరుసలోంచి రామక్క వెనక్కి తిరిగింది. “ఏడ్వకు చెల్లే. మగోళ్లంతా గంతే.”

దుర్గమ్మకు నవ్వాగలేదు.

వారం వారం తాను నలుగు పెట్టి రుద్దే మొగుడి వీపే అది.