కర్టెన్ ముడులు

కొత్త కర్టెన్ అంచు సర్దబోయిన కోడలి వేళ్ళకి ముడి తగిలింది.

శనగగింజంత ముడి. నడుము ఎత్తున, సరిగ్గా అంచు మీద, గుడ్డ రంగు దారంతోనే బిగించి కుట్టి ఉంది.

ఆమెకి ఒళ్ళు మండింది.

నెల రోజులుగా ఈ రెండు గదుల మీదే ప్రాణం పెట్టుకుని ఉంది. హాల్లోకి బూడిద రంగు సోఫా, ఒక టీపాయ్, భోజనాల గదిలోకి ఆరు కుర్చీల బల్ల, గోడకి ఏరి కోరి తెచ్చిన మూడు పటాలు. ఇల్లు సర్దడంలో తనని మించినవాళ్ళు లేరని ఆమెకి గట్టి నమ్మకం. కాదనే ధైర్యం భర్తకి లేదు. ఆదివారం ఆయన ఆఫీసువాళ్ళు భోజనానికి వస్తున్నారు. వాళ్ళు గుమ్మంలోనే నోరెళ్ళబెట్టాలి.

"ఇవేంటయ్యా?" అని అడిగింది, కర్టెన్లు తగిలిస్తున్న దర్జీని.

యాభై దాటినవాడు. మాట తక్కువ. కొలతలకి వచ్చిన రోజునుంచీ అతని వరస ఆమెకి నచ్చలేదు. టేపు తీసే ముందు గోడంతా అరచేత్తో తడిమాడు. గుడ్డ ముక్కలు ముందు పరిచి, "నీలం ఏదో మీరే తీసివ్వండమ్మా" అన్నాడు. పనంతా మనచేతే చేయించేలా ఉన్నాడే అనుకుంది.

"పెద్దమ్మగారి గుమ్మానికి ఒక ముడి. కిటికీల కర్టెన్‌కి రెండు. భోజనాల గది గుమ్మానికి మూడు. ఉంచండమ్మా, అక్కరకొస్తాయి."

"ఎవరి అక్కరకి?"

దర్జీ నసిగాడు.

"ఉంటాయిలెండమ్మా. ఆ టీపాయ్ మాత్రం నడిచే దారిలో పెట్టకండి."

"కర్టెన్లు కుట్టమంటే నాకు ఇల్లు సర్దడం నేర్పుతున్నావా?"

అంతలో అత్తగారు కర్టెన్ నిమురుతూ తన గదిలోంచి వచ్చింది.

"ఉండనీయమ్మా. బాగానే ఉన్నాయిగా."

"మీకు తెలీదు అత్తయ్యా. లక్షణమైన గుడ్డ మీద ఈ బుడిపెలేంటి? అన్నట్టు, ఆదివారం మీ కంచం గదిలోకే పంపిస్తాను. ఆ హడావిడిలో మీరెందుకు?"

పెద్దావిడ మొహం పాలిపోయింది.

"వద్దమ్మా. నేనే వస్తాను. నలుగురితో కూర్చుంటేనే నాకు ముద్ద దిగుతుంది."

మామగారు పోయాక ఆవిడకి మిగిలింది ఆ పూటే. కొడుకు చెప్పే ఆఫీసు కబుర్లు, మనవరాలి అలకలు, కోడలి దెప్పుళ్ళు. అన్నీ ఆ బల్ల దగ్గరే.

దర్జీ నిచ్చెన మడుచుకుని వెళ్ళిపోయాడు. కోడలు ఆ క్షణమే దుకాణానికి ఫోన్ చేసి యజమానిని కడిగేసింది.

"ఆ దర్జీకి కుట్టు రాదు. వస్తే ఈ ముడులేంటి? ఇంకొకర్ని పంపండి."

మర్నాడే ఇంకో దర్జీ వచ్చాడు. ముడులన్నీ కత్తిరించి అంచు నున్నగా ఇస్త్రీ చేశాడు. టీపాయ్ హాలు నట్టనడుమకి చేరింది. గది పత్రికలో బొమ్మలా ఉంది.

ఆదివారం అతిథులు నిజంగానే నోరెళ్ళబెట్టారు.

"అమ్మా, రా! నీకోసమే చూస్తున్నాం" అని కొడుకు కేకేశాడు.

పెద్దావిడ తన గది గుమ్మంలోకి వచ్చింది. కర్టెన్ అంచు పట్టుకుని కిందికీ పైకీ తడిమింది. మళ్ళీ తడిమింది. అందరూ చూస్తున్నారనుకుందేమో, నవ్వు మొహంతో కర్టెన్ వదిలేసి నాలుగడుగులు వేసింది.

టీపాయ్ మోకాలికి కొట్టుకుంది. ఆవిడ ముందుకి పడిపోయింది.

మణికట్టు విరిగిందన్నారు ఆస్పత్రిలో. కళ్ళ డాక్టరు కూడా వచ్చి చూశాడు.

"రెండేళ్ళుగా చూపు పోతూ వచ్చింది. ఇక తిరిగి రాదు."

కొడుకు తల్లి మంచం పక్కన కూర్చున్నాడు. "మాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే కంచం గదిలోకే వచ్చేస్తుందిరా."

కోడలు తలెత్తలేకపోయింది. సిగ్గుతో ఆమె ప్రాణం చచ్చిపోయింది. తలొంచుకునే అడిగింది.

"మరి ఆ దర్జీకి చెప్పారా అత్తయ్యా?"

"నేను చెప్పలేదమ్మా. కొలతల రోజు గోడ పట్టుకుని వస్తూ అతన్ని ఢీకొన్నాను. 'ఎన్నాళ్ళనుంచమ్మా?' అని మెల్లగా అడిగాడు. ఎవరితో అనొద్దని బతిమాలుకున్నాను. మాట నిలబెట్టుకున్నాడు."

మర్నాడు దుకాణం తెరిచేసరికే కోడలు అక్కడుంది.

"ఆయన్ని ఒకసారి పిలవండి. ఆ ముడులు మళ్ళీ ఆయన చేతే కుట్టించుకోవాలి. క్షమించమని అడగాలి."

యజమాని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"లేడమ్మా. పని మానిపించాను. భార్యాభర్తలిద్దరూ ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయారట."

"నా మాట పట్టుకుని తీసేశారా? కుట్టులో తప్పేం లేదండీ, తప్పు నాదే!"

"కుట్టు గురించి కాదమ్మా. ఇంటికి పట్టుకెళ్ళి కుట్టి తెచ్చేవాడు. ఇరవై ఏళ్ళలో ఒక్క కుట్టు వంకర పోలేదు. సూదిలో దారం వాళ్ళావిడ ఎక్కించేదని కూడా మొన్ననే తెలిసింది. రేపెప్పుడైనా నిచ్చెనెక్కి పడితే నాకు చుట్టుకుంటుందని భయపడ్డాను."

కోడలికి అర్థం కాలేదు. "పడటమేంటి?"

"మీ ఫోన్ వచ్చాక, అలాంటి ముడి ఒకటి కుట్టి చూపించు, లైటు కిందికి రా అన్నానమ్మా. 'లైటు ఏ వైపుందండీ?' అని అడిగాడు."