పుట్టీ పెట్టిన తూట్లు

"తూట్లేవయ్యా?"

మ్యూజియం ఆఫీసరు విమానం పొట్ట కింద దూరాడు. చేత్తో తడిమాడు. మళ్ళీ అడిగాడు.

"తూట్లేవి?"

"అన్నీ పూడ్చేశాం సార్," అన్నాడు మేస్త్రీ. మెచ్చుకుంటాడని ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

అతను కార్లకు సొట్టలు తీసి రంగులేసే మేస్త్రీ. పాత యుద్ధ విమానాన్ని బాగుచెయ్యమంటే కారుకు చేసినట్టే చేశాడు. పుట్టీ పెట్టాడు. గీకాడు. మొహం కనపడేలా రంగు కొట్టాడు. యుద్ధానికి వెళ్ళొచ్చిన విమానం కాస్తా పెళ్ళికి బయల్దేరినట్టు తయారైంది.

"ఆ తూట్ల కోసమేనయ్యా దీన్ని ఇక్కడికి తెచ్చింది! గుళ్ళు తిని కూడా తిరిగొచ్చిన విమానం ఇది. వచ్చే వారం మంత్రిగారొచ్చి చూసేది వాటినే. నున్నటి పొట్ట చూపించానంటే నా ఉద్యోగం కూడా అంతే నున్నగా జారిపోతుంది."

"తూట్లున్న బండి డెలివరీ ఇస్తే మా షాపు పరువేం కాను సార్?"

"సర్లే. మళ్ళీ పొడువు. ఎక్కడెక్కడున్నాయో చెప్పు."

"పుట్టీ పెట్టిన చోటు తెలిసిందంటే అది పనేనా సార్?"

ఆ మాటా నిజమే. టార్చిలైటు వేసి వెతికినా ఒక్కటీ దొరకలేదు.

యుద్ధం అయిపోయాక ఇన్నేళ్ళూ ఆ విమానం ఒక కాలేజీ గేటు ముందు అలంకారానికి నిలబడింది. తూట్లలో పిచ్చుకలు కాపురాలు చేశాయి. దాని కాగితాలు ఎవరి దగ్గరా లేవు. ఫొటోలు బోలెడున్నాయి. అన్నింట్లోనూ కుర్రాళ్ళ పళ్ళే గానీ విమానం పొట్ట లేదు.

ఆఫీసరు పేపర్లో ప్రకటన వేయించాడు. ఈ విమానం సంగతి తెలిసిన మాజీ సైనికులుంటే వెంటనే రావాలని.

ఒకే ఒక్క ముసలాయన వచ్చాడు. చేతికర్ర, పక్కన మనవరాలు. ఆమె ఆసుపత్రిలో నర్సు. సెలవు పెట్టి మరీ తీసుకొచ్చింది.

"దీనికి తూట్లు ఎక్కడెక్కడ పడ్డాయో తాతయ్యకు తెలుసటండి," అంది. "యుద్ధం గురించి మా ఇంట్లో ఆయన నోరు విప్పడం ఇదే మొదలు. నాన్నమ్మ అడిగీ అడిగీ పోయింది."

ఆఫీసరుకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"అదేనమ్మా వీరుడి లక్షణం! నిండుకుండ తొణుకుతుందా?"

"బాబూ, ముందొక మాట చెప్పాలి," అన్నాడు ముసలాయన.

"స్టేజి మీద చెప్దురుగాని పెద్దాయనా. మంత్రిగారి పక్కనే మీ కుర్చీ. ముందు నా తూట్ల సంగతి చూడండి."

ముసలాయన గోనెపట్టా అడిగి పరిపించుకున్నాడు. రెక్క కింద వెల్లకిలా పడుకున్నాడు. ఒక కన్ను మూశాడు. చాలాసేపు అలాగే చూశాడు. కర్ర ఎత్తాడు.

"ఇక్కడ."

మేస్త్రీ డ్రిల్లింగు మిషను పెట్టాడు. పుట్టీ పొడి ముసలాయన మొహం మీద రాలింది. తుడుచుకోలేదు.

"కాస్త ముందుకు పెడితే ఫొటోలో బాగా పడుతుంది కదండీ," అన్నాడు ఆఫీసరు.

"అక్కడ తగల్లేదు."

"పోనీ ఒకటో రెండో ఎక్కువ పొడిపిద్దామా? మంత్రిగారు సంతోషిస్తారు."

"తగిలినన్నే పొడవండి."

తోక దగ్గరది అన్నింటికన్నా పెద్దది. అది ఆఖరున చూపించి, కర్ర పక్కన పెట్టేశాడు.

"నా చేత్తో పూడ్చింది నా చేతే పొడిపిస్తున్నారు," గొణిగాడు మేస్త్రీ. "ఏ జన్మ పాపమో!"

మనవరాలు తాతను లేపి కూర్చోబెట్టింది. చీరకొంగుతో మొహం తుడిచింది.

"ఇన్నేళ్ళయినా ఇంత గుర్తేంటి తాతయ్యా?"

"మర్చిపోయే పనైతే కదమ్మా."

పుట్టీ తీసేకొద్దీ పాత రేకు అంచులు బయటపడ్డాయి. ఒక్క గురి కూడా తప్పలేదు. ఆఫీసరు చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

ఆ వారంలోనే ముసలాయన హోదా గబగబా పెరిగింది. ప్రకటన నాటికి మాజీ సైనికుడు. బ్యానరు కట్టే నాటికి పైలట్. ఆహ్వానం పంచే నాటికి వీర పైలట్. ఇంకో వారం ఆగితే విగ్రహం లేచేదే. మధ్యలో ఆయన రెండుసార్లు "బాబూ, ఆ మాట..." అన్నాడు. రెండుసార్లూ ఆఫీసరు "స్టేజి మీద, స్టేజి మీద" అన్నాడు.

మంత్రిగారు ఆలస్యంగా వచ్చి ముందుగా మాట్లాడారు. ముసలాయన మెడలో పతకం వేశారు. వేస్తూ వేస్తూ ఫొటో కోసం ఆగారు. తీసి మళ్ళీ వేశారు.

"ఏదీ, ఒకసారి ఎక్కి కూర్చోండి పెద్దాయనా. మీ సీటే కదా!"

"నేనెక్కను."

"పాపం, ఆ రోజు గుర్తొస్తుంది సార్," అని అందించాడు ఆఫీసరు. ముందు వరుసలో ఎవరో కళ్ళొత్తుకున్నారు.

"అప్పుడు భయం వేయలేదా?" అడిగారు మంత్రిగారు.

"అప్పుడు లేదు. విమానం కిందికి దిగాక వేసింది."

చప్పట్లు మోగిపోయాయి. మంత్రిగారికి ఊపొచ్చింది. వంగి, తోక దగ్గర తూట్లో వేలు పెట్టి, కెమెరాలవైపు తిరిగారు.

"ఇంత ఘోరంగా కొట్టిన ఆ శత్రువు ఇప్పుడు మీ ఎదురుగా నిలబడితే ఏమంటారు? అందరూ వినాలి. మైకులో చెప్పండి!"

ఆఫీసరు పరిగెత్తుకెళ్ళి మైకు తెచ్చి ముసలాయన చేతిలో పెట్టాడు. మనవరాలు వీడియో తీయడానికి ఫోనెత్తింది.

"శత్రువెక్కడి శత్రువు బాబూ, ఎండ కళ్ళల్లో పడి వచ్చేది మనదో వాళ్ళదో తెలీక, కింద మన ఫిరంగి దగ్గర కూర్చుని కొట్టింది నేనే."