కాకి ముట్టని విస్తరి

కాకి రాలేదు.

విస్తరి పెట్టి చాలాసేపయింది. ఎండ నెత్తికెక్కింది. అన్నం, పచ్చిపులుసు, మిర్చిబజ్జీ, పక్కన కప్పులో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. అన్నీ చనిపోయిన బ్రహ్మచారికి ప్రాణమైనవే. తినాల్సిన కాకే లేదు. శ్మశానం గోడ మీద పావురాలు మాత్రం తమకేమీ పట్టనట్టు కూర్చున్నాయి.

సికింద్రాబాద్‌లో చెట్లన్నీ కొట్టేసి అపార్ట్‌మెంట్లు లేపినవాళ్లే, పదో రోజున కాకి రాకపోతే చచ్చినవాడి మీద నేరం మోపుతారు. ఏదో కోరిక మిగిలిపోయిందంటారు. ఆ కోరికేదో కనిపెట్టి, విస్తరి ముందు నిలబడి మాటివ్వాలి. అప్పుడు కాకి వచ్చి ముడుతుందట.

అది ముట్టేదాకా మంచినీళ్లు కూడా తాగనని పెద్దకొడుకు ఓంప్రకాశ్ ఒట్టు పెట్టుకున్నాడు. తల్లి విమలమ్మ భయమంతా అదే. కొడుకు షుగర్ మనిషి.

అసలే సగమైపోయాడు. తండ్రికి మతిమరుపు ముదిరింది. ఒకరోజు చాయ్ తాగొస్తానని గల్లీ చివరికి పోయినవాడు తిరిగిరాలేదు. ఓంప్రకాశ్ నౌకరీ వదిలేశాడు. తండ్రి ఫోటో పట్టుకుని కనిపించిన ఎంఎంటీఎస్ రైలల్లా ఎక్కాడు. గుళ్లు, దర్గాలు, బస్టాండ్లు ఏవీ వదల్లేదు. తిండి లేదు, నిద్ర లేదు. కళ్లు తిరిగి ప్లాట్‌ఫారం మీద పడిపోతే ఎవరో ఆటోలో వేసి పంపారు. తెల్లారి మళ్లీ పోయాడు. పట్టాల పక్కన శవం దొరికిందని పోలీసులు ఫోన్ చేసేదాకా ఆ తిరుగుడు ఆగలేదు. వాళ్లు అప్పగించిన మూటను అలాగే తెచ్చి దహనం చేశారు.

"నాయినా, అమ్మను కడుపుల పెట్టుకుని చూసుకుంట. రా నాయినా," అన్నాడు ఓంప్రకాశ్.

ఒక పావురం మెడ తిప్పి చూసింది. అంతే.

"నా కొత్తింటికి తలుపులు నువ్వే చెక్కుతనంటివి కదా," అంది కూతురు రజిత. "గదేనా నీ మనసుల? నీ బాడిశ, ఉలి దేవుని గూట్ల పెట్టుకుంట నాయినా."

విమలమ్మ ఆడబిడ్డ కల్పలత ముందుకొచ్చింది. "అన్నా, మనం కొట్లాడింది మనసుల పెట్టుకోకు. తప్పు నీదే. అయినా మాఫ్ చేసిన, పో!"

అంత ఏడుపులోనూ ఇద్దరు ముగ్గురు నవ్వారు.

రాంగోపాల్‌పేట్‌లో బ్రహ్మచారి వడ్రంగి దుకాణం పక్కనే సలీం ఫర్నిచర్ పాలిష్ చేసేవాడు. జీవితమంతా పక్కపక్కనే గడిచింది. ఆయన టోపీ సర్దుకున్నాడు.

"అరే బ్రహ్మచారీ, నీకా పేరు పెట్టినోడెవడ్రా భై? నీ లెక్క సంసారం చేసినోణ్ని నేనైతే చూడలే." అందరి వైపు తిరిగాడు. "కర్రను కాలితోని తొక్కిపట్టి చెక్కుతున్నడు. బాడిశ జారింది. ఎడమ కాలు బొటనవేలు ఎగిరి నా పాలిష్ డబ్బా కాడ పడ్డది. నేను పరేషాన్. ఈయనేమన్నడో తెల్సా? 'సలీం భాయ్, ఇంట్ల చెప్పకు, బిడ్డకు పరీక్షలున్నయ్.' గిసువంటి మనిషి!"

"పరీక్షలైనంకనే చూసిన చాచా," అంది రజిత కళ్లు తుడుచుకుంటూ. "మేజోళ్లు తొడుక్కుని దాచిండు. కాలు నొక్కుతుంటే నాలుగే వేళ్లు తగిలినయ్."

ఇంకా చాలా చెప్పారు. పండక్కి అందరికీ కొత్త బట్టలు కుట్టించి తాను పాత లుంగీ ఉతుక్కున్న సంగతి. విమలమ్మకు టైఫాయిడ్ వస్తే పనికి పోకుండా వంట చేసిన సంగతి, ఆ వంట ఎవరూ తినలేకపోయిన సంగతి.

కాకి మాత్రం రాలేదు.

"ఇంకొకచోటికి పోవాలమ్మా నేను," అన్నాడు కర్మ చేయించే అయ్యగారు. "ఆవుకు పెట్టేద్దాం. దోషం లేదు."

"లేదు. కాకే ముట్టాలె," అన్నాడు ఓంప్రకాశ్. "నాయినకు నేనే ఏదో తక్కువ చేసిన. ఇంక జెర ముందే వెతికితే దొరుకుతుండె." అంటూనే కూలబడ్డాడు. రజిత నీళ్లసీసా నోటి దగ్గర పెడితే తోసేశాడు.

కల్పలత విమలమ్మ భుజం పట్టి కుదిపింది. "వదినా, నువ్వన్నా ఒక్క మాట చెప్పరాదు? బతికున్నన్ని దినాలు నీ మాట దాటలే మా అన్న. పొద్దుగాల నుంచి రాయి లెక్క కూసున్నవేందీ? కొడుకు పోతడు!"

విమలమ్మ కొడుకును చూసింది. వాడి పెదాలు తెల్లబడి ఉన్నాయి.

లేచింది. విస్తరి దగ్గరికి నడిచింది. వంగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అంది. ఎవరికీ వినపడలేదు.

కరెంటు తీగ మీద ఎక్కడి నుంచో ఒక కాకి వాలింది. అటూ ఇటూ చూసింది. దిగి వచ్చి అన్నంలో ముక్కు పెట్టింది.

"ముట్టింది! ముట్టింది!" కల్పలత అరిచింది. సలీం ఆకాశానికి చేతులెత్తాడు. ఓంప్రకాశ్ గటగటా నీళ్లు తాగి, తల్లి ఒళ్లో తలపెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నాయినకు శాంతి దొరికిందమ్మా. ఇగ వెతికేదేం లేదు. ఏమని చెప్పినవమ్మా?"

విమలమ్మ వాడి తల నిమురుతూ ఉండిపోయింది.

మార్చురీలో కొడుకు చూడలేక బయటే ఆగిపోతే, తానొక్కతే గుడ్డ తొలగించి, మొహం మిగలని ఆ మనిషి ఎడమ పాదానికి అయిదు వేళ్లూ ఉండటం చూసి కూడా బయటికొచ్చి 'మీ నాయినే బిడ్డా' అన్న ఆ తల్లి, ఇప్పుడు విస్తరి ముందు వంగి అడిగింది ఇంతే: "నువ్వు ఏ తల్లి కన్న బిడ్డవో గానీ, నా కొడుకు కోసం మా ఆయన పేరు మీద తిని పో నాయినా."